ఖాళీ దరఖాస్తు

ఆఫీసులో అతన్ని రేడియో అనేవారు. ఎదురుగా ఉంటే రేడియోగారు, అటు తిరిగితే ఉత్త రేడియో. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. ఆ పేరు పెట్టినవాడు మహా తెలివిగలవాడేమీ కాడు. ఈయన కంప్యూటరు మాట్లాడుతుంది కాబట్టి ఈయన రేడియో, అంతే. పుట్టిన ఏడాదిలోపే జ్వరం వచ్చి చూపు పోయింది. చూడటమంటే ఎలా ఉంటుందో గుర్తే లేదు గనుక దానికోసం బెంగా లేదు. "ఎరగని చుట్టం పోతే ఎంతని ఏడుస్తాం?" అనేవాడు. నిన్న టీవీ చూశానంటాడు, మొన్న మిమ్మల్ని బజార్లో చూశానంటాడు. విన్నవాళ్లు నీళ్లు నములుతుంటే లోపల్లోపల నవ్వుకుంటాడు.

ఊళ్లో మంచినీళ్ల గొట్టాలూ మురుగు కాలవలూ చూసుకునే ఆఫీసు అది. ఫిర్యాదుల విభాగం మేడ మీద, మెట్లెక్కి ఎడమకి తిరిగితే చివరి గది. కిటికీ గడియ సరిగా పడదు, గాలొస్తే టకటకలాడుతుంది. ఆ చప్పుడు పక్కనే అతని కుర్చీ. జనం వెబ్‌సైటులో ఫిర్యాదులు పెడతారు. కొందరు అక్కడే గడుల్లో టైపు చేస్తారు. ఆ గడులు చాలనివాళ్లు, చాలవని అనుకునేవాళ్లు, కాగితం తయారుచేయించి దాన్ని ఫైలుగా జతపెడతారు. వాటిని చదివి, సంగతేమిటో రెండు ముక్కల్లో రాసి, ఆ పేట ఇంజనీరుకి పంపడం అతని పని.

చదవడమంటే అతనికి వినడమే. కంప్యూటర్లో ఒక గొంతు ఉంది, తెర మీద ఏముంటే అది చెబుతుంది. దానికి అతను చిలక అని పేరు పెట్టుకున్నాడు. చేతిరాత కాగితం వస్తే చిలక "బొమ్మ" అనేది. అలాంటివి పక్క బల్ల అక్కయ్యకి పంపేసేవాడు. ఎవరో కాగితం తిరగేసి స్కాన్ చేసి, తెల్లటి వెనకవైపు పంపితే "ఖాళీ" అనేది. అలాంటివి కూడా నెలకి కొన్ని తగిలేవి, జనం జనమే కదా. వాటికి 'ఖాళీ దరఖాస్తు' అని రాసి మూసెయ్యాలని రూలు. పంపినవాళ్లకి 'మీ ఫిర్యాదు పరిష్కరించబడినది' అని దానంతట అదే ఒక కబురు వెళ్లేది. ఖాళీని ఎలా పరిష్కరిస్తారో ఆ కబురు రాసిన మహానుభావుడికే తెలియాలి.

చిలక మామూలు మనిషి పట్టుకోలేనంత వేగంగా వాగేది, అతను కామాలతో సహా పట్టుకునేవాడు. అక్కయ్య ఒకసారి హెడ్‌ఫోను చెవిలో పెట్టుకుని చూసి, "ఇదేంటి తమ్ముడూ, పోపులో ఆవాలు చిటపటలాడినట్టుంది" అని తీసి అవతల పెట్టింది.

ఆ కుర్చీ అతనికి ఊరికే రాలేదు. అంతకుముందు ఏళ్ల తరబడి పెళ్లాం నడిపే కుట్టు షాపులో మూల స్టూలు మీద కూర్చుని చొక్కాలకి గుండీలు కుట్టాడు. పని తెమిలినవాటికి దారప్పోగులు పీకాడు. షాపుకొచ్చేవాళ్లు అతన్ని దాటుకుని ఆవిడతోనే మాట్లాడేవారు. అతని చొక్కా కొలతలు కూడా ఆవిడనే అడిగేవారు. ఉద్యోగానికి పరీక్ష రాసి పాసయ్యాక కూడా ఆఫీసులవాళ్లు కాళ్లరిగేలా తిప్పారు. "కాగితాలు చదివే సీటు కదయ్యా, నీ చేతికిస్తే ఏం చేస్తావు, విసురుకుంటావా?" అన్నాడొక పెద్దమనిషి. ఆయనకి రెండు కళ్లూ ఉన్నాయి, నోటికి మాత్రం తలుపు లేదు. చివరికి, కొన్నాళ్లు చూసి పని చెయ్యగలిగితేనే ఖాయం చేస్తామని మెలికపెట్టి కుర్చీ ఇచ్చారు.

మొదటి రోజుల్లో తెలియనివి అడిగేవాడు. ఈ బటన్ ఎక్కడుంది, ఆ పేజీలో ఏముంది అని అక్కయ్యనీ, అటు బల్ల ఆయన్నీ అడిగేవాడు. ఒక మధ్యాహ్నం నీళ్లు తాగడానికి లేచి వస్తుంటే తలుపవతల ఆ ఆయన గొంతు వినపడింది. "ఈయన పని కూడా మనమే చేసేటట్టయితే ఈయనెందుకు, చిలకెందుకు?" చూపు లేనివాళ్లకి చెవులు ఉంటాయని మనుషులు చాలా తొందరగా మరిచిపోతారు. అతను గ్లాసు బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఎవర్నీ ఏదీ అడగలేదు. ఇంటికొచ్చి పెళ్లాంతో అన్నాడు కూడా: "చచ్చినా అడగను. నా కాగితాలు నేనే చదువుకుంటాను." మంచి పంతమే. మంచి పంతాలే మనిషిని ముంచుతాయి.

ఎండలు తగ్గే రోజుల్లో ఆఫీసు కంప్యూటర్లన్నిట్లో కొత్త ప్రోగ్రాములు వేశారు. మర్నాడు అతను ఒక ఫిర్యాదు ఫైలు మీద నొక్కితే అది తెరుచుకోకుండా ఒక ప్రశ్న అడిగింది. చిలక చదివింది: ఈ రకం ఫైలును మీరు దేనితో తెరవాలనుకుంటున్నారు? కింద రెండు పేర్లు. ఒకటి తను వాడే పాతది, పైన ఇంకోటి, ఎన్నడూ వినని పేరు. దాని కింద ఒక గడి: ఎల్లప్పుడూ దీనినే ఉపయోగించు.

అతను కంప్యూటర్లు చూసే ఆయనకి ఫోను చేశాడు. కంప్యూటరాయన చెడ్డవాడు కాదు, తీరిక లేనివాడు. నాలుగు అంతస్తులకి ఒక్కడే.

"మొదటిది నొక్కండి సార్. కొత్తది, బాగుంటుంది. పాతది తీసేస్తారు ఎలాగూ."

"చిలక దాంట్లో చదువుతుందా?"

"చిలకేంటి?"

"అదేనండీ, నా మాట్లాడే సాఫ్ట్‌వేరు."

"అన్నీ పనిచేస్తాయి సార్. కింద ఎప్పుడూ అని గడి ఉంటుంది చూడండి, అందులో టిక్కు పెట్టండి. పెట్టకపోతే తెరిచినప్పుడల్లా అడిగి ప్రాణం తీస్తుంది."

అతను టిక్కు పెట్టాడు. ఫైలు తెరుచుకుంది. చిలక ఒక్క క్షణం ఆగి, "ఖాళీ" అంది.

సరే, ఇదేదో తెల్లకాగితం అనుకున్నాడు. ఖాళీ దరఖాస్తు అని రాసి మూసేశాడు. తర్వాతది గడుల్లో టైపు చేసింది, చిలక గడగడా చదివింది. ఇంజనీరుకి పంపాడు. ఆ తర్వాతది జతపెట్టిన ఫైలు. ఖాళీ. మళ్లీ గడుల్లోది, చదివింది. అసలు ఏదీ చదవకపోతే చెడిందని తెలిసేది. సగం చదివి సగం ఖాళీ అంటుంటే ఎవరికి అనుమానమొస్తుంది? కొత్త ప్రోగ్రాము కాగితాన్ని కళ్లున్నవాళ్లకి నిగనిగలాడేటట్టు చూపిస్తుంది, అక్షరాలని మాత్రం చిలక నోటికి అందనివ్వదు. తెర మీద నిండా రాసిన కాగితం పరుచుకుని ఉంటుంది, దాని ఎదురుగా కూర్చుని అతను ఖాళీ అని రాస్తుంటాడు. వెనకనుంచి ఎవరైనా ఒక్కసారి తొంగిచూస్తే చాలు. ఆ గదిలో ఒకరి తెర వైపు ఇంకొకరు చూసే అలవాటు లేదు, ముఖ్యంగా అతని తెర వైపు. తనకి తెరతో పనేముందని చాలా రోజులు అతను దాన్ని ఆర్పేసి కూడా ఉంచేవాడు. కరెంటు ఆదా.

అనుమానం అసలు రాలేదంటే అబద్ధం. ఒక వారం పోయాక కంప్యూటరాయన ఏదో పనిమీద ఆ గదికొస్తే గుమ్మం దగ్గర ఆపాడు.

"ఈ మధ్య ఖాళీలు బాగా ఎక్కువ వస్తున్నాయండీ."

"రావూ మరి? వెబ్‌సైటు కూడా మార్చారుగా. జనానికి ఎక్కించడం చేతకావట్లేదు." ఆయన అప్పటికే వరండాలో ఉన్నాడు.

నిజమేననిపించింది. అక్కయ్యని ఒక్కసారి పిలిచి, ఇది నిజంగా ఖాళీయేనా చెప్పక్కా అని అడిగితే సరిపోయేది. నాలిక చివరిదాకా వచ్చింది. తలుపవతల విన్న మాట గుర్తొచ్చి మింగేశాడు. అక్కయ్యకైనా తెలియాల్సింది, ఎందుకంటే ఆవిడకి వెళ్లే చేతిరాత కాగితాలు కూడా ఆగిపోయాయి. ఆవిడ అడగలేదు. పని తగ్గితే ఎందుకు తగ్గిందని ఆరా తీసే మనిషి ఏ ఆఫీసులోనూ ఇంకా పుట్టలేదు.

నెలాఖరు సమావేశంలో పెద్దసారు లెక్కలు చదివారు. విభాగానికంతటికీ ఆయనే అధికారి. అందరికన్నా ఎక్కువ ఫిర్యాదులు పరిష్కరించిన ఉద్యోగి రేడియోగారు. పైనుంచి మెచ్చుకుంటూ కాగితం కూడా వచ్చింది. "కళ్లున్నవాళ్లం సిగ్గుపడాలయ్యా" అని పెద్దసారు బల్ల గుద్దారు. అందరూ చప్పట్లు కొట్టారు. అటు బల్ల ఆయన కూడా కొట్టాడు, అతను ఆ చప్పట్లని విడిగా విన్నాడు. సీటు ఖాయం చెయ్యమని తానే సిఫారసు రాస్తానన్నారు పెద్దసారు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి చెబితే పెళ్లాం మిషను ఆపి లేచి వచ్చి, అతని రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. చొక్కా ఒకటి కుట్టింది, తన షాపులో ఉన్న వాటిలోకెల్లా మెత్తటి గుడ్డతో.

ఆ చొక్కా వేసుకుని వెళ్లిన రోజుల్లోనే వానలు మొదలయ్యాయి.

ఊరి చివర పేటలో ఒక వీధి. రోడ్డు మధ్య మురుగు గుంతకి మూత విరిగి చాలాకాలమైంది. పొడి రోజుల్లో జనం చూసుకుని పక్కనుంచి పోయేవారు. వాన కురిసి వీధంతా మోకాళ్లలోతు నీళ్లు నిలిస్తే గుంతేదో రోడ్డేదో తెలియదు. రొట్టెల బట్టీలో పనిచేసే ఒకాయన సాయంత్రం సైకిలు నడిపించుకుంటూ ఇంటికొస్తూ, ఇల్లు కనపడుతుండగా అందులో పడిపోయాడు. సైకిలు పైనే దొరికింది. మనిషి మర్నాడు రెండు వీధుల అవతల దొరికాడు.

ఆ సంగతి అక్కయ్య ఫోనులో చదివి పైకి వినిపించింది. అతను కూడా అందరిలాగే అయ్యో అన్నాడు. ఆ వీధి పేరు అతనికి కొత్త. వీధులన్నీ కంఠతా వచ్చినవాడికి ఆ పేరు కొత్తగా అనిపించడమేమిటని కూడా అనుకున్నాడు.

కాసేపటికి పెద్దసారు పిలుస్తున్నారని కబురొచ్చింది. గదిలోకి వెళ్లేసరికి కంప్యూటరాయన ఊపిరి కూడా అక్కడే వినపడింది. తలుపు వేశారు.

"ఆ వీధినుంచి మూడు ఫిర్యాదులొచ్చాయయ్యా. ఒకే మనిషి, చచ్చిపోయినవాడి భార్య. మూడూ నువ్వే మూశావు. మూడింటికీ ఖాళీ దరఖాస్తని రాశావు."

"ఖాళీగానే వచ్చాయండీ."

పెద్దసారు మౌసు నొక్కిన చప్పుడైంది. తర్వాత కంప్యూటరాయన తెర మీది కాగితం చదవడం మొదలుపెట్టాడు. అయ్యా, మా ఇంటి ముందు గుంతకి మూత లేదు, వానలు రాకముందే వేయించవలసిందిగా. అంతవరకూ చదివి ఆపేశాడు.

అతను కుర్చీ కోసం చెయ్యి చాచాడు, అది చేతికి దొరకలేదు. నిలబడే ఉన్నాడు.

ముగ్గురూ కలిసి అతని బల్ల దగ్గరికి వెళ్లారు. కంప్యూటరాయన కుర్చీ లాక్కుని కూర్చుని, ఫైలు మీద కుడి బటన్ నొక్కి, దేనితో తెరవాలన్న చోట పాత ప్రోగ్రాము పేరు ఎంచి, ఎప్పుడూ అన్న గడిలో టిక్కు పెట్టాడు. అంతే పని. గ్లాసెడు నీళ్లు తాగేంతసేపు కూడా పట్టలేదు. హెడ్‌ఫోను తీగ లాగేసరికి చిలక పైకే నోరు విప్పింది. అయ్యా, మా ఇంటి ముందు గుంతకి మూత లేదు.

"ఆపండి" అన్నారు పెద్దసారు.

వాళ్లు వెళ్లిపోయాక అతను హెడ్‌ఫోను పెట్టుకుని, తను ఖాళీ అని మూసినవన్నీ పైనుంచి తెరవడం మొదలుపెట్టాడు. ఒక బడిలో కుళాయినుంచి ఎర్రనీళ్లు వస్తున్నాయి. ఒక ముసలాయన ఇంట్లోకి మురుగు తిరగబడుతోంది, ఆయనకి మంచం దిగే ఓపిక లేదు. ఒకావిడ పక్కింటివాళ్లతో గొడవపడి గొట్టం మీద పితూరీ రాసింది. ఒకాయన ఆఫీసుని తిట్టడానికే రాశాడు, బాగా తిట్టాడు. ఒకటి మూసి ఒకటి తెరిచాడు. చేతిరాతవి వస్తే చిలక బొమ్మ అంది, వాటిలో ఏముందో అతనికి ఇప్పుడూ తెలియదు. భోజనానికి లేవలేదు. అక్కయ్య వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "చాల్లే తమ్ముడూ" అంది. అతను చిలక వేగం తగ్గించి, మామూలు మనుషులు మాట్లాడుకునే వేగానికి తెచ్చి, మళ్లీ వినసాగాడు.

విచారణ వేశారు. పేపర్లలో పడింది కాబట్టి వెయ్యక తప్పలేదు. దానికి ముందురోజు పెద్దసారు అతన్ని పిలిచి కూర్చోబెట్టి, స్వయంగా తలుపు గడియ పెట్టారు.

"చూడు బాబూ, జరిగిందేదో జరిగిపోయింది. రేపు నువ్వు చెప్పాల్సింది ఒక్క మాట. ఆ ఫైళ్లు మన దగ్గరికి వచ్చినప్పుడు ఖాళీగా ఉన్నాయి. ఇప్పుడు తెరుచుకుంటున్నాయంటే, వెబ్‌సైటు తప్పు, తర్వాత వాళ్లే సరిచేసుకున్నారని మేం రాసుకుంటాం. నువ్వు ఖాళీ అని చెప్పు, చాలు."

"మళ్లీ మళ్లీ అడిగితే?"

"నిన్నెవరు అడుగుతారయ్యా? ఎవరికంత గుండె ఉంది?" అని గొంతు తగ్గించారు. "పైవాళ్లు కూడా చూసీ చూడనట్టు వదిలేస్తారు."

"చూడకపోవడం నాకు బాగా వచ్చండీ" అన్నాడతను. పెద్దసారు నవ్వలేదు. సీటు ఖాయం చేసే కాగితం తన బల్ల సొరుగులోనే ఉందనీ, సంతకం ఒక్కటే తరువాయనీ చెప్పారు.

ఇంట్లో పెళ్లాం మిషను ముందు కూర్చుని అంతా వింది. కాలు తొక్కడం ఆపింది, మళ్లీ తొక్కింది, మళ్లీ ఆపింది.

"ఖాళీ అనే చెప్పండి."

"నువ్వా మాట అంటున్నావా?"

"నేనే అంటున్నా. మీరు నిజం చెబితే పోయినాయన లేచొస్తాడా? ఆవిడ పసుపుకుంకుమలు తిరిగొస్తాయా? ఈ కుర్చీ కూడా పోతే మళ్లీ వచ్చి ఈ మూల కూర్చుంటారు. నాకు భారమని కాదండీ. స్టూలు మీద కూర్చున్న ఆ రోజుల్లో మీరెలా ఉండేవారో మీకు తెలియదు, నాకు తెలుసు. నేను చూశాను."

అతనికి కోపం రాలేదు. ఆవిడ చెప్పింది తనకీ భయమే. ఆ భయం ఎంతటిదంటే, పొద్దున లేచేసరికి తనకి తాను సర్దిచెప్పుకోవడం కూడా అయిపోయింది. చిలక ఖాళీ అంది. తను ఖాళీ అని విన్నాడు. విన్నది విన్నట్టు చెబితే అబద్ధమెలా అవుతుంది? కుంటిసాకు కాళ్ల మీద నిలబడదు గానీ, ఒక పూట గడిపేస్తుంది.

విచారణ పెద్ద ఆఫీసు భవనంలో. అతను అంతకుముందు అడుగుపెట్టని చోటు. పెళ్లాం కింద హాలులో కూర్చుంది, కంప్యూటరాయన పైదాకా తీసుకెళ్లాడు. గదిలో ఏసీ హోరు, పాలిష్ చేసిన చెక్క వాసన. విచారణ జరిపే మేడం గొంతు నెమ్మదైనది. అతన్ని గోడవైపు కుర్చీలో కూర్చోమని, ముందు చనిపోయినాయన భార్యని పిలిచారు.

ఆవిడ చెప్పుల చప్పుడు బట్టి సన్నటి మనిషి. మాట్లాడుతుంటే మధ్యమధ్య గుటక వేస్తోంది, ఏడుపు మాత్రం లేదు. ఏడవడం అయిపోయిన గొంతు.

"మూడు సార్లు పంపారా అమ్మా?" అడిగారు మేడం.

"మూడు సార్లండీ. మా వీధి చివర షాపులో టైపు చేయించి పంపాను. మొదటిదానికి పరిష్కరించామని ఫోనుకి మెసేజి వచ్చింది. వెళ్లి చూస్తే గుంత అలాగే ఉంది. మావారు నవ్వారు. నువ్వు రాస్తే వేస్తారా పిచ్చిదానా అన్నారు. రెండోదానికీ అదే వచ్చింది."

"మూడోది ఎందుకు పంపారు? ఆఫీసుకి వెళ్లి అడగాల్సింది కదా."

"పని మానుకుని రావాలి కదండీ. అదీగాక నేననుకున్నాను, పాపం ఆ చదివే సార్‌కి అక్షరాలు చిన్నవై కనపళ్లేదేమోనని. ఒక్కోసారి పెద్దవయసు వాళ్లుంటారు. అందుకే మూడోసారి షాపాయనకి చెప్పి బాగా పెద్దపెద్ద అక్షరాలతో కొట్టించాను. ఒక పేజీ పట్టేది మూడు పేజీలైంది."

 ఆవిడకి అతనెవరో తెలియదు, అక్కడే గోడవారగా ఉన్నాడనీ తెలియదు. అతను చేతికర్రని రెండు చేతులతో పట్టుకున్నాడు. మూడు పేజీలు. మూడు పేజీలకీ చిలక మూడుసార్లు ఖాళీ అని ఉంటుంది. ఆ రోజు తను, ఇంత ఖాళీ ఎవరు పంపారో, పనీపాటా లేనివాళ్లు అని విసుక్కున్నట్టు గుర్తొచ్చింది.

ఆవిడ వెనక కుర్చీలోకి వెళ్లి కూర్చుంది. అతని వంతు వచ్చింది. లేచి నిలబడ్డాడు. మేడం కూర్చోమన్నారు, కూర్చోలేదు.

"ఆ ఫైళ్లు మీరు తెరిచినప్పుడు ఎలా ఉన్నాయి?"

పక్కనుంచి పెద్దసారు చిన్నగా దగ్గారు.

"నిండుగా ఉన్నాయి మేడం" అన్నాడతను. "ఖాళీ అని నాకు వినపడింది. కాగితం ఖాళీగా లేదు. తెరిచే ప్రోగ్రాము మారింది, అందులో నా సాఫ్ట్‌వేరు చదవలేదు."

"ప్రోగ్రాము ఎవరు మార్చారు?"

కంప్యూటరాయన ఊపిరి బిగపట్టడం వినపడింది.

"నేనే. ఎప్పుడూ దీంతోనే తెరవమని టిక్కు పెట్టింది నేనే. తర్వాత అనుమానం కూడా వచ్చింది. ఎవర్నైనా ఒక్కసారి చూసిపెట్టమని అడిగితే సరిపోయేది. అడగలేదు. నామోషీ అనిపించింది."

"నామోషీనా?" మేడం ఆ మాట రాసుకుంటున్నట్టు కలం కదిలింది. ఇంకేమీ అడగలేదు.

దాని ఫలితం ఏమిటో చెప్పుకుంటే ఒళ్లు మండుతుంది. సొరుగులో కాగితం సొరుగులోనే ఉండిపోయింది. చూపు లేనివాళ్లకి కాగితాలు చదివే పని ఇవ్వరాదని పైనుంచి ఆర్డరు వచ్చింది. దాంతో వేరే ఆఫీసుల్లో, ఒక్క తప్పూ చెయ్యకుండా పనిచేసుకుంటున్న ఇంకో ఇద్దరి కుర్చీలు కూడా పోయాయి. అందులో ఒకావిడ ఫోను చేసి, "నిజం చెప్పేముందు మా గురించి ఒక్కసారి అనుకున్నారా అన్నా?" అని అడిగి పెట్టేసింది. పెద్దసారికి వేరే విభాగానికి బదిలీ అయింది, అది కాస్త పెద్ద విభాగమే. ఏ ప్రోగ్రాము ఏ ఫైలుని తెరవాలి, అది అందరికీ చదవడానికి పనికొస్తుందా లేదా అని చూసే బాధ్యత ఎవరిదో ఆ ఆర్డరులో ఎక్కడా లేదు. పాముని వదిలేసి పుట్టని కొట్టారు.

అదంతా తర్వాతి మాట. ఆ రోజు విచారణ గదిలోంచి అతను ఒక్కడే బయటికొచ్చాడు. కంప్యూటరాయన లోపలే ఉండిపోయాడు, పెద్దసారు పలకరించకుండా వెళ్లిపోయారు. గోడ పట్టుకుని లిఫ్టు దాకా నడిచి, బటన్ వెతికి నొక్కి నిలబడ్డాడు. వెనక ఆ సన్నటి చెప్పుల చప్పుడు వచ్చి పక్కన ఆగింది.

తిడుతుందనుకున్నాడు. తిట్టాలి. కాళ్లమీద పడదామా అంటే ఆవిడ ఎటువైపు ఉందో సరిగా తెలియలేదు, అదీ ఒక ఖర్మ.

"సార్" అంది ఆవిడ. "మీకు కనపడదని నాకెవరూ చెప్పలేదు."

అతను ఆ గొంతు వైపు తిరిగాడు.

"ముందే తెలిస్తే పని మానుకునైనా వచ్చేదాన్ని కదా సార్. పక్కన కూర్చుని నేనే చదివి వినిపించేదాన్ని."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే ఎంతో బాగుండునని అతనికి అనిపించింది. లిఫ్టు వచ్చి తలుపు తెరుచుకుంది. అతను కర్ర ముందుకి చాచేలోగా ఆవిడ అతని మోచెయ్యి పట్టుకుంది.

"నెమ్మదిగా సార్" అంది. "కింద సందుంది. చూసుకుని అడుగెయ్యండి."